వానపాములు చాలా

గేటు గది, వాగు గట్టు
బుధవారం, మధ్యాహ్నం

అక్కా,

అదే నేనూ అంటున్నాను. ఆవిడకి బకెట్టుంది, బోర్లించుకుని కూర్చుంది. నాకేముంది, రాయి. మూడు గంటలు ఆ రాయి మీద కూర్చుంటే ఏది నా కాలో ఏది రాయో తెలియలేదు. మీ మరదలు కట్టిచ్చిన డబ్బా పక్కనే ఉంది, ఆవిడ మూత తియ్యనివ్వదు. "వాసనకి కాకులొస్తాయండీ" అంటుంది. కాకులకి జడిసి భోజనం మానేసిన గేటు మనిషిని లోకంలో నేనొక్కడినే అయ్యుంటాను.

ఎవరావిడ అంటావు కదా. చేపల గురించి చదువుకున్న మనిషి. పోయిన నెల నుంచి వస్తోంది. బురదలోకి వంగినప్పుడు కళ్ళజోడు జారకుండా వెనకాల నాడా కట్టుకుంటుంది. ఇక్కడ అందరం చేపల మేడం అంటాం. అందరం అంటే నేనే, ఇంకెవరున్నారు.

నిన్న వాగు ఖాళీ చేసే రోజు. ఏటా చేసేదే. అయిదింటికి గేటెత్తుతాను, ఆరింటికల్లా వెనకాల నీళ్ళు దిగిపోతాయి, పళ్ళచక్రాలకి గ్రీజు పెడతాను. ఆరున్నరకి గేటు నుంచి వంతెన దాకా గట్టు మీద నడిచి, తేలిన బురద మీద చేపపిల్లలు ఎన్ని కనిపించాయో ఫారంలో రాస్తాను. "నీరు దిగిన అరగంటకు" అని ఫారంలోనే అచ్చేసి ఉంది. పదకొండేళ్ళుగా రాస్తున్నా: శూన్యం. శూన్యం గుండ్రంగా వెయ్యడం మన ఊరి బడి పంతులు నా మార్కుల కాగితం మీదే నేర్పాడు కదా.

నిన్న కూడా వేసేసి లేవబోతుంటే మేడం "కూర్చోండి" అంది.

"అయిపోయిందిగా అండీ."

"ఇంకా మొదలవలేదు."

తొమ్మిదింటికి మొదలైంది. బురద మీద సూదితో పొడిచినట్టు బెజ్జాలు పడ్డాయి. ఒక్కో బెజ్జంలోంచి ఒక గోధుమరంగు దారం బయటికొచ్చింది. అగ్గిపుల్లంతవి కొన్ని, పెన్సిలంతవి కొన్ని. "వానపాములేగా" అన్నాను. ఆవిడ ఒకదాన్ని తడి అరచేతిలో పెట్టి చూపించింది. మెడ పక్కన వరసగా చుక్కలు, తోక చుట్టూ ఉల్లిపొరలాంటి రెక్క. చేపేనట. బురదచేప పిల్ల. ఇంకా కళ్ళు కూడా రాలేదు. నాలుగైదేళ్ళు అలా బురదలోనే దూరి ఉండి, పెరిగాక వాగులోకి వస్తుందట. నీళ్ళు దిగినప్పుడు మళ్ళీ వస్తాయిలే అని లోపలే గమ్మున కూర్చుంటాయి. ఊపిరాడక, ఇక లాభం లేదనుకున్నాక పైకొస్తాయి. అప్పటికి నేను ఇంట్లో టీ తాగుతుంటాను.

మేమిద్దరం ఏరి నీళ్ళల్లో వదిలినవి నాలుగొందల పన్నెండు. కాకులు ఏరినవి ఎన్నో అవి చెప్పలేదు.

నా ఫారాలు ఎవరైనా చదువుతారా, లేక అలమరలో పడుంటాయా? టైపు చేసేది నువ్వే కాబట్టి అడుగుతున్నా. ఊరికే. ఉత్తరం ఎప్పటిలాగే నీటిమట్టం కాగితాల కవర్లో పెడుతున్నా. ఫోను చెయ్యమంటావు, ఫోన్లో నువ్వు అరుస్తావు.

నీ తమ్ముడు

*

టైపు గది, రెండో అంతస్తు
సోమవారం

ఒరేయ్ నత్తా,

చదువుతారు. అదే వచ్చిన చిక్కు.

కిందటి వానలకి వాగు పొర్లి వంతెన వీధి ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చిన సంగతి నీకు తెలుసు. వాగులో పూడిక పెరిగిపోయిందని, గేటు నుంచి వంతెన దాకా మనిషి లోతు మిషనుతో తీయించాలని నిర్ణయించారు. వచ్చే వానల లోపు, అంటే ఇంకో రెండు నెలల్లో. నివేదిక నేనే టైపు చేశాను. నాలుగో పేజీలో ఇలా ఉంది: "పదకొండేళ్ళ రికార్డు ప్రకారం ఈ భాగంలో చేపపిల్లలు లేవు గనుక తవ్వకానికి అభ్యంతరం లేదు." రికార్డంటే నువ్వే. నీ గుండ్రటి శూన్యాలే.

ఇప్పుడు నువ్వు పరుగెత్తుకెళ్ళి ఏదో చెప్పాలనుకుంటావని తెలుసు. నువ్వు జీవితంలో పరుగెత్తింది లేదు, యాభై ఆరేళ్ళప్పుడు మొదలుపెట్టకు. ఆవిడ చదువుకున్న మనిషి, ఆవిడ రాసుకుంటుంది. నాకు ఇంకో పది వారాల్లో రిటైర్మెంటు. ముప్ఫై నాలుగేళ్ళలో నా సర్వీసు పుస్తకంలో ఒక్క మాట పడలేదు. ఈ పది వారాలూ ప్రశాంతంగా ఉండనివ్వు.

మీ బావగారి మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు మెట్టుకో మాట అంటారు. మా ఇంటికి పధ్నాలుగు మెట్లు.

భోజనం వేళకి తిను. కాకులకి చెప్పు, అక్క తినమందని.

అక్క

*

గేటు గది
శుక్రవారం

అక్కా,

ఆవిడ రాసుకుంది. ఇంజినీరుగారికి మూడు పేజీలు పంపింది. రెండు ముక్కల్లో జవాబొచ్చింది: పదకొండేళ్ళ రికార్డు ముందు ఒక్క పొద్దుటి లెక్క చెల్లదని. ఆ కాగితం నాకు చూపించి నావైపు చూసింది. తిట్టినా బాగుండేది.

గేటు గది వెనకాల రేకుల కింద ఆవిడ గాజు తొట్లు పెట్టుకుంది. అడుగున వాగు బురద, దాంట్లో పిల్లలు. పైనుంచి ఇంకా బురద పోస్తుంది, ఎంత పోస్తే ఏమవుతాయో చూడ్డానికి. వేలెడు మందం పోస్తే గంటలో పైకి దారి చేసుకుంటాయి. జానెడు పోస్తే పెన్సిలంతవి వస్తాయి, అగ్గిపుల్లంతవి రావు. ఆ తొట్టి ముందు నేను పొద్దున్నుంచి నిలబడ్డాను. రాలేదు.

మిషను వచ్చి బురద తీసి గట్టు మీద మనిషెత్తు కుప్ప పోస్తుంది. జానెడు కాదు, మనిషెత్తు. ఒక్క కుప్పలో అయిదేళ్ళల్లో పుట్టిన పిల్లలు, అన్ని వయసులవీ. వాగు మొత్తంలో ఇంత మెత్తటి బురద ఇక్కడే ఉందట. ఇది పోతే ఇంకో పదేళ్ళు పెద్ద బురదచేప కనిపించదంటుంది మేడం.

తవ్వొద్దని ఆవిడా అనడం లేదు. గేటు ఒక్కసారిగా ఎత్తకుండా నీళ్ళు మెల్లగా దించితే చాలా పిల్లలు నీళ్ళతోపాటే జరుగుతాయట. తీసిన బురద గట్టెక్కించకుండా నీటి అంచునే వాలుగా పరిస్తే, మిగిలినవి పాక్కుంటూ దిగిపోతాయట. అంతే కావలసింది. దానికి రికార్డు అడ్డం.

నాకొకటి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట గేటు గొలుసు తెగింది, జ్ఞాపకముందా? ఆ రోజు బాగుచేసేవాళ్ళ కోసం మధ్యాహ్నం దాకా గట్టు మీదే ఉన్నాను. బురద నిండా దారాలే. గాలం వేసుకోవడానికి పనికొస్తాయని అనుకున్నాను కూడా. ఫారంలో శూన్యం వేసి, కింద ఖాళీలో రాశాను: "వానపాములు చాలా." ప్రమాణంగా రాశాను. ఆ ఫారం ఒక్కటి బయటికి తియ్యి అక్కా. అప్పుడిది ఒక్క పొద్దుటి లెక్క కాదు.

నీ తమ్ముడు

*

కార్యాలయం
బుధవారం

తమ్ముడికి,

మీరు అడిగిన సంవత్సరం రికార్డు చూశాను. టైపు ప్రతిలో శూన్యం అని మాత్రమే ఉంది. చేతిరాత ఫారాలు గదులకు సున్నం వేసినప్పుడు తీసేశారు. అటువంటి వాక్యం ఉన్నట్టు దాఖలా లేదు. జ్ఞాపకం పొరబడి ఉండవచ్చు.

అందరం క్షేమం.

ఇట్లు,
మీ అక్క

*

గేటు గది
ఆదివారం

అక్కా,

ఒంట్లో బాగాలేదా? నన్ను మీరు అన్నావు. పుట్టాక మొదటిసారి. మీ మరదలికి చూపిస్తే "ఇది మీ అక్క ఉత్తరం కాదు, ఏదో ఆఫీసుది పొరపాటున వచ్చింది" అంది. బావగారి మోకాలి మాట కూడా లేదు.

పోనీలే. లేదంటే లేదు. నేనే వెళ్ళాను.

ఇంజినీరుగారు మంచాయనే, కూర్చోమన్నారు. టీ కూడా చెప్పారు. నేను విషయం చెప్పేసరికి ఆ టీ ఎందుకు చెప్పానా అన్నట్టు చూశారు.

"అయితే పదకొండేళ్ళూ తప్పు రాశావా?"

"తప్పు కాదండీ. నిజమే రాశాను. అరగంటకి ఒక్కటీ లేదు."

"మరింకేం?"

"మూడు గంటలకి ఉన్నాయండీ."

"అరగంటకి లేనివి మూడు గంటలకి ఎక్కణ్ణుంచి వస్తాయయ్యా?"

"తమరు పదింటికి వస్తారు కదండీ. నేను ఏడింటికే ఈ గదిలోకి తొంగిచూసి, ఇంజినీరుగారు లేరు అని పదకొండేళ్ళు రాసుకుంటే, ఈ ఆఫీసుకి ఇంజినీరే లేడని తేలుతుంది కదండీ."

పక్కనున్న గుమాస్తా దగ్గినట్టు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"వంతెన వీధి ఇళ్ళల్లోకి మళ్ళీ నీళ్ళొస్తే నీ పురుగులొచ్చి తోడతాయా?"

అదీ నిజమే అక్కా. ఆ వీధిలో మంచాల మీద పిల్లల్ని నిలబెట్టుకుని ఉన్నవాళ్ళని నేనూ చూశాను. "తవ్వొద్దనలేదండీ, తీరుగా తవ్వమంటున్నాను" అన్నాను. ఆయన "మాట మీద పని ఆపలేను. పాత రికార్డులో ఇంకొక్క ఏడు చూపించు. ఒకే ఒక్క ఏడు. పదిహేను రోజులు. లేదంటే అనుకున్నట్టే మిషను వస్తుంది" అన్నారు.

చూపించడానికి ఏమీ లేదు కాబట్టి ఉన్నది రాసిచ్చాను. "నా పదకొండు శూన్యాలూ అరగంటవి. వాటిని నమ్మి తవ్వవద్దు" అని, కింద సంతకం. మర్నాడే సంజాయిషీ అడుగుతూ నోటీసొచ్చింది, విధి నిర్వహణలో నిర్లక్ష్యమని. కవరు మీద అడ్రసు టైపు చేసింది నువ్వేననుకుంటా. అక్షరం ఎక్కడా జారలేదు.

నిన్ను అడిగి ఇబ్బంది పెట్టాను. మర్చిపో. నీ పది వారాల్లో ఇప్పటికి అయిదు అయ్యాయి. మేడం తొట్లకి నేనే నీళ్ళు మారుస్తున్నాను. పాత నీళ్ళు తీసి కొత్తవి పోస్తుంటే బురదలోంచి రెండు మూడు మూతులు పైకొచ్చి చూస్తాయి. చూస్తాయని ఎందుకంటున్నానో, కళ్ళే లేవుగా.

నీ తమ్ముడు

*

ఇల్లు, వంటగది బల్ల
మంగళవారం

ఒరేయ్ నత్తా,

ఉంది. నేనే తీసేశాను.

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను. మీ బావగారు "ఏమిటా చింపడం, పరీక్ష రాస్తున్నావా" అన్నారు. అవునన్నాను.

ఆ ఏడు నీ ఫారం నా బల్ల మీదకి వచ్చినప్పుడు అప్పటి పెద్ద గుమాస్తా ఉండేవాడు, గుర్తుందా, బట్టతలాయన. గేటు మనుషుల ఫారాలు టీ వేళ అందరికీ వినిపించేలా చదివి, వాళ్ళ రాతకి నవ్వించేవాడు. నీ "వానపాములు చాలా" చూడగానే నాకు ఆ నవ్వు వినిపించింది. మా తమ్ముణ్ణి చూసి నవ్వుతారని. అచ్చు ఫారంలో వానపాములకి గడి కూడా లేదు. శూన్యం ఒక్కటే టైపు చేసి పంపించాను. నీ పరువు కాపాడాననుకున్నాను. ఆరేళ్ళు అలాగే అనుకున్నాను.

నువ్వు అడిగినప్పుడు లేదన్నాను. చేతిరాత ఫారాలు సున్నం వేసినప్పుడు పారేసిన మాట నిజమే. కానీ అది వాటిల్లో లేదు. నా దగ్గరే ఉంది. ఆ రోజు నీ దగ్గర కాగితం లేక ఫారం వెనకే నాకు ఉత్తరం రాశావు. ఇంటి విషయాలు ఫైల్లో ఎలా పెడతాను? ఇంటికి తెచ్చుకుని రేకుపెట్టెలో పెట్టుకున్నాను. లేదని రాశాక ఆ పెట్టె వైపు చూడలేక దాని మీద దుప్పట్లు పెట్టాను. నా సర్వీసు పుస్తకంలో మరక పడుతుందని. దాని బదులు నీ పుస్తకంలో పడింది, ఆ నోటీసు నా చేత్తోనే టైపు చేశాను. అక్షరం జారలేదన్నావు. నీ పేరు జారకుండా కొట్టడం ఎంత కష్టమో నీకు తెలీదు.

నిన్న తీసుకెళ్ళి ఇంజినీరుగారి బల్ల మీద పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ముందువైపు చదివారు. తేదీ చూశారు, గొలుసు తెగిన రోజు పాత పుస్తకంలో సరిచూశారు. తర్వాత కాగితం తిప్పారు.

వెనక నువ్వేం రాశావో నీకు జ్ఞాపకం ఉండి ఉండదు. ఆయన కొత్తగా వచ్చింది ఆ వారమే. "కొత్త ఇంజినీరు గేటు చక్రాన్ని చంటిపిల్ల గిలక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎటు తిప్పితే గేటు లేస్తుందని మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడిగితే తప్పు చెబుదామనుకున్నాను కానీ ముఖం చూసి జాలేసింది."

మొత్తం చదివారు. నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఎటు తిప్పాలమ్మా?" అన్నారు చివరికి.

"ఎడమకి సార్. మా తమ్ముడు అలాగే అంటాడు."

"నాకు ఇప్పటికీ గుర్తుండదు" అని కాగితం పక్కన పెట్టి గంట కొట్టారు.

తవ్వకం ఆగదు. వంతెన వీధి కోసం ఆగకూడదు కూడా. కానీ గేటు రెండు రోజుల మీద ఎత్తాలి, బురద నీటి అంచునే పరవాలి, ప్రతి భాగం తర్వాత మూడు గంటలు ఆగి చూడాలి, చేపల మేడం చెప్పినచోట మిషను ఆపాలి. ఉత్తర్వు నేనే టైపు చేశాను. నీ నోటీసు వెనక్కి తీసుకున్నారు. నాకు మెమో ఇచ్చారు, రికార్డులో వాక్యం తొలగించినందుకు. అది కూడా నేనే టైపు చేసుకోవాల్సి వచ్చింది, గదిలో ఇంకెవరూ లేరు. ముప్ఫై నాలుగేళ్ళ తెల్ల కాగితానికి ఒక్క దిష్టిచుక్క. చూడగా చూడగా అలవాటైంది.

ఇంకొకటి. ఫారం మార్చమన్నారు. "అరగంటకు" కొట్టేసి "మూడు గంటలకు" పెట్టాను. ఎవరూ చెప్పకుండానే చివర ఒక గడి చేర్చాను: ఇతరములు. వెడల్పుగా వేశాను, నీ చేతిరాత పట్టేలా. ఈ ఆఫీసులో నేను చేసే ఆఖరి ఫారం అదే అనుకుంటా.

ఆ ఉత్తరం ఇంజినీరుగారు తిరిగి ఇవ్వలేదు. రికార్డట.

అక్క

*

గేటు మెట్లు
గురువారం, ఉదయం పది దాటింది

అక్కా,

కాగితం అయిపోయింది కాబట్టి మళ్ళీ ఫారం వెనకే. ఈసారి పాతది, నువ్వు కొట్టేసిన అరగంటది, కాబట్టి ఏ రికార్డులోకీ వెళ్ళదు. ఇంజినీరుగారి గురించి ఏమీ రాయను. నిన్న ఆయనే వచ్చి చక్రం మీద చెయ్యేసి నావైపు చూశారు. "ఎడమకండీ" అన్నాను. "తెలుసు" అన్నారు. తెలియదు.

నువ్వు చేసిన దానికి కోప్పడాలని మూడు రోజులు ప్రయత్నించాను. రాలేదు. అప్పుడు నవ్వినా నేను అక్కడ ఉండను కదా, నీకే వినపడేది. మీ మరదలు మాత్రం "మీ అక్క మళ్ళీ నువ్వు అందా?" అని ఉత్తరం లాక్కుని చూసుకుంది.

మొన్నటి నుంచి గేటెత్తుతున్నాను. మొత్తం నలభై చుట్లు, గంటకి రెండు చొప్పున, రెండు పగళ్ళు. నత్త అని పేరు పెట్టినందుకు ఇన్నాళ్ళకి నాకు తగిన పని దొరికింది. మిషను డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చుని, "బాబాయ్, ఈ లెక్కన నేను ఇక్కడే ముసలాణ్ణయిపోతాను" అన్నాడు. "అవ్వు, పక్కన ఇంకో రాయి ఉంది" అన్నాను. నీళ్ళు వేలెడు తగ్గినప్పుడల్లా అంచు పొడుగునా బురద మీద సన్నటి గీతలు కనిపించాయి, దువ్వెనతో గీసినట్టు. పిల్లలు నీళ్ళ వెంట దిగిన జాడలట. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

అన్నీ దిగవు. అది ఆవిడ ముందే చెప్పింది. అగ్గిపుల్లంతవి మెల్లగా కదులుతాయి, కొన్ని బురదతోపాటే మిషను తొట్టిలోకి వెళతాయి. ఈ పొద్దున ఏడున్నరకి మొదటి భాగం తీశారు. డ్రైవరు తొట్టి వంచి బురదని నీటి అంచునే పరిచాడు. చెప్పాలి, చెయ్యి మంచిది, దుప్పటి పరిచినట్టు పరిచాడు. ఎనిమిదింటికి, పాత అలవాటు కొద్దీ, అరగంటకి లేచి చూశాను. ఒక్కటీ లేదు. డ్రైవరు "లేవుగా బాబాయ్, మొదలెట్టనా?" అని తాళంచెవి తిప్పబోయాడు. "కూర్చో" అన్నాను. ఆ మాట నా నోట వినగానే మేడం బకెట్టు మీద నుంచి తిరిగి చూసింది.

కొత్త ఫారం మోకాలి మీద ఉంది. శూన్యం వెయ్యలేదు. గడులన్నీ ఖాళీ, నీ ఇతరములుతో సహా. నువ్వన్నట్టు వెడల్పుగానే ఉంది, ఉత్తరం పట్టేంత. బావగారికి చెప్పు, నీ రిటైర్మెంటు రోజుకి వస్తాను, పధ్నాలుగు మెట్లూ నేను కూడా ఆయనతోపాటు తిట్టుకుంటూ ఎక్కుతాను.

మూడు గంటలకి ఇంకో పది నిమిషాలుంది. బురద మీద బెజ్జాలు పడుతున్నాయో, లేక నా కళ్ళు అలా కోరుకుంటున్నాయో

కాదు, పడుతున్నాయి. మేడం బకెట్టు తీసుకుని లేచింది. డ్రైవరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి వాడు కూడా దిగాడు, "బాబాయ్! బాబాయ్! ఇటు, నీళ్ళవైపే పోతున్నాయి, రా, లెక్క రాయాలి" అని కేకేస్తున్నాడు. వస్తున్నా రా అన్నాను. అక్కా, ముందు పెన్సిలంతది ఒకటి దిగింది, దాని వెనకాలే అగ్గిపుల్లంతవి, ఒకటి, రెండు,